మడ్‌గార్డు లోపలివైపు

ఆ వీధిలో ఆయన్ని రెండువేళ్ళ మేస్త్రి అంటారు. ఆ పేరు విని కొత్తగా వచ్చినవాళ్ళు, పాపం ఏ మిషనులోనో చెయ్యి పడినట్టుంది అనుకుంటూ జాలి మొహం పెట్టుకుని షెడ్డులోకి అడుగుపెడతారు. లోపల పది వేళ్ళూ నిక్షేపంగా ఉన్న మనిషి కనిపించేసరికి, తెచ్చుకున్న జాలి ఎక్కడ దించుకోవాలో తెలియక ఎదురుగా ఉన్న టీ కొట్టు వైపు చూస్తారు. ఆ పేరు వేళ్ళు పోయినందుకు రాలేదు, పెట్టినందుకు వచ్చింది. మోటారు సైకిలు వెనక చక్రానికీ, దాని మీద వంగి ఉండే మడ్‌గార్డుకీ నడుమ, మనిషి ఎక్కి కూర్చున్నాక సరిగ్గా రెండు వేళ్ళ సందు మిగలాలని ఆయన పట్టుదల. ఒక్క వేలే మిగిలితే బురద గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. మూడు వేళ్ళు మిగిలితే, ఎదిగిన పిల్లాడికి పాత లాగు తొడిగినట్టు బండి వెలవెలబోతుంది. కొలబద్ద లేక కాదు. అది గోడకి వేలాడుతూనే ఉంటుంది. ఆయన మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని, తల పక్కకి వాల్చి, చూపుడువేలూ మధ్యవేలూ జోడించి ఆ సందులోకి పోనిచ్చి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకుంటాడు.

చక్రం గురించి మనుషులు చాలా రాసుకున్నారు. రథాల గురించి రాశారు, బళ్ళ గురించి రాశారు, కాలాన్ని కూడా చక్రమన్నారు. చక్రం చిమ్మిన బురద ఎవరి వీపు మీద పడిందో రాసినవాళ్ళు మాత్రం కనపడరు. రాజు రథమెక్కి ఊరేగాడంటారు గాని, దిగి లోపలికి వెళ్ళాక ఆ పట్టుబట్టలు ఎవరు ఉతికారో చెప్పరు. ధూళికి కవిత్వంలో కాస్త మర్యాద ఉంది, గోధూళి అనీ పాదధూళి అనీ. బురదకి అదీ లేదు. బురదని ఆపడానికి రేకు వంచేవాడి గురించి ఇక చెప్పేదేముంది.

మేస్త్రి షెడ్డు మూడు వైపులా రేకులు, నాలుగో వైపు వీధి. గోడల నిండా అట్టతో కత్తిరించిన వంపుల నమూనాలు, ఒక్కో బండికి ఒక్కోటి, నెలవంకల్లాగా వేలాడుతుంటాయి. మధ్యలో ఒక చెక్కదిమ్మె, నడుమ తొట్టిలా తొలిచింది. రేకుని దాని మీద పెట్టి కొయ్యసుత్తితో కొడుతూ తిప్పుతూ ఉంటే, చదునుగా ఉన్నది మెల్లగా పడవలాగా లోతు తిరుగుతుంది. ఆ తర్వాత అంచులు కంబి మీదికి మడవాలి. మూల గ్యాసు సిలిండరు, నల్లరంగు డబ్బాలు, పుట్టీ డబ్బా. పుట్టీ వాడటం ఆయనకి ఇష్టముండదు. ముద్దలా పామి పైన రంగు వేస్తే ఎంత పగులైనా మాయమైపోతుంది. అందుకే ఆ డబ్బా మూత తుప్పు పట్టింది.

ఆయన దగ్గరికొచ్చేవన్నీ పాత బళ్ళే. కొత్తవాటికి అచ్చులో పోసిన ప్లాస్టిక్కువి దుకాణాల్లో దొరుకుతాయి. పాత బళ్ళ సంగతి వేరు. నడిపేవాడికి ముందు స్ప్రింగుల సీటు ఒకటి విడిగా ఉంటుంది. వెనక కూర్చునే మనిషికి ఇంకో చిన్న సీటు. ఆ రెండోదాన్ని చట్రానికి కాదు, నేరుగా వెనక మడ్‌గార్డు మీదే నాలుగు బోల్టులతో బిగిస్తారు. అంటే వెనక మనిషి బరువంతా మోసేది మడ్‌గార్డే. అందుకని దానికి మందపు రేకు కావాలి, లోపలివైపు పొడవునా ఒక ఇనప పట్టీ అతకాలి. పట్టీ లేని మడ్‌గార్డు బురదని ఆపుతుంది, మనిషిని మొయ్యదు.

బిగించాక బరువు పెట్టి చూడకుండా బండి బయటికి పంపడు. మొదట్లో వెనక సీటు మీద భార్య కూర్చునేది. ఆమె పోయాక కూతురు కూర్చోవడం మొదలుపెట్టింది. బడి నుంచి నేరుగా షెడ్డుకొచ్చి, సంచీ మేకుకి తగిలించి, మడత పెట్టిన గోనెపట్టా పరిచిన మడ్‌గార్డు మీదికి ఎక్కేది. ముందు సీటు మీద పక్క షెడ్డు ఇంజను మెకానిక్ కూర్చునేవాడు. అందరూ అతన్ని పిస్టన్ అంటారు, ఒకచోట కుదురుగా ఉండలేడు గనక. మేస్త్రి కింద వేళ్ళు పెట్టి చూస్తుంటే పిస్టన్ వెనక్కి తిరగకుండా అడిగేవాడు, “ఎక్కడిదాకా వచ్చామే?” అని. పిల్ల ఆ రోజు భూగోళం పాఠంలో ఏం చదివితే అది చెప్పేది. ఎడారి అనేది, సముద్రం అనేది, మంచు కురుస్తోంది దుప్పటి తెచ్చావా మావయ్యా అనేది. కదలని బళ్ళ మీద ఆ పిల్ల చుట్టిరాని దేశం లేదు. వీధిలో దానికి తూకంరాయి అని పేరు పడింది. మేస్త్రి పైకి కసిరేవాడే గాని, ఎవరైనా కస్టమరు “మీ తూకంరాయి కూర్చుందా దీని మీద?” అని అడిగితే లోపల పొంగిపోయేవాడు.

ఆయనకి ఇంకో శాస్త్రం ఉంది. వచ్చిన చిక్కంతా దానితోనే.

పాత మడ్‌గార్డు విప్పగానే ముందుగా బోర్లించి లోపలివైపు చూస్తాడు. పైవైపు అందరూ తుడుస్తారు, అది ఊరి కోసం తుడిచేది. లోపలివైపు చూసేవాళ్ళెవరు? అక్కడ బురద పొరలు పొరలుగా పేరుకుని, ఏ వానాకాలం మట్టి ఏదో చెప్పేయొచ్చన్నట్టు ఉంటుంది. నూటికి తొంభైమంది బళ్ళు అంతే. ఎవరూ చూడని చోట కడుక్కునేవాడి మనసు కూడా శుభ్రంగా ఉంటుందని ఆయన నమ్మకం. పెద్ద పెద్ద మాటలు చెప్పే ఆసామీల బళ్ళు విప్పి, లోపలి మట్టి చూసి, “ఈయన సంగతి ఇంతే” అని పెదవి విరిచేవాడు. చాలాసార్లు నిజమయ్యేది కూడా. నిజం కానివి ఆయన గుర్తుపెట్టుకోలేదు.

కూతురు చదువు పూర్తయిన ఏడు ఒక కుర్రాడొచ్చాడు. భూముల కొలతల ఆఫీసులో ఉద్యోగం, ఊళ్ళు పట్టుకు తిరిగే క్యాంపులు. తండ్రి వాడిన పాత బండి ముచ్చటపడి బాగుచేయించుకుంటున్నాడు. మనిషి నెమ్మది, మాట తక్కువ. మడ్‌గార్డు విప్పి బోర్లిస్తే లోపలివైపు అద్దంలా ఉంది. కడగడమే కాదు, తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచాడు. మేస్త్రి చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఆ సాయంత్రం బరువు చూడటానికి కూతురు ఎక్కి కూర్చుంటే, కుర్రాడు గోనెపట్టా సరిగ్గా పరిచి పక్కకి తప్పుకున్నాడు. అంతే జరిగింది. ఆ వారమే మేస్త్రి సంబంధం మాట ఎత్తాడు.

“అమ్మాయిని అడిగావా?” అన్నాడు పిస్టన్.

“లోపల చూశాను కదరా” అన్నాడు మేస్త్రి.

అమ్మాయి కాదనలేదు. కాదనడానికి అడిగినవాళ్ళెవరు? పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, వాడు బడికి వెళ్ళే వయసుకొచ్చాడు. కూతురు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో కుదురుకుంది. కాపురం బాగానే ఉందని మేస్త్రి అనుకున్నాడు. అల్లుడు బండి వేసుకుని వచ్చినప్పుడల్లా మాటల్లో పెట్టి, ఎవరూ చూడకుండా మడ్‌గార్డు కిందికి వేళ్ళు పోనిచ్చి తీసి చూసుకునేవాడు. ఎప్పుడూ మట్టి అంటలేదు. కూతురిని అడగాల్సినవి అలా వేళ్ళతోనే అడిగేసి తృప్తిపడేవాడు.

కొన్నేళ్ళకి ఆ మడ్‌గార్డు తుప్పు తిని చిల్లులు పడింది. అల్లుడు దాన్ని విప్పి తెచ్చి దిమ్మె మీద పెట్టాడు. కొత్తది చెయ్యమన్నాడు.

“వెనక ఎవరూ కూర్చోరులెండి మామయ్యగారూ. ఒంటి సీటే ఉంచేస్తున్నాను. పల్చటి రేకు చాలు, పట్టీ కూడా అక్కర్లేదు. సన్నగా, చూడ్డానికి బాగుంటే చాలు.”

మేస్త్రి చేతిలో కొయ్యసుత్తి ఆగింది. మరి అమ్మాయో? అన్న మాట గొంతు దాకా వచ్చింది. అల్లుడి మొహం చూస్తే ప్రశాంతంగా ఉంది, కడిగిన రేకులా.

“రంగు?” అన్నాడు మేస్త్రి.

“నలుపే.”

మధ్యాహ్నం కూతురికి ఫోను చేశాడు. ఎండల గురించి మాట్లాడాడు, మనవడి దగ్గు గురించి అడిగాడు, పిస్టన్‌కి పన్ను పీకించిన సంగతి చెప్పి నవ్వించబోయాడు. చివర్లో, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, పనికి ఎలా వెళ్తున్నావే అన్నాడు. బస్సులో నాన్నా, కిటికీ పక్క సీటు దొరుకుతుంది, హాయిగా ఉంటుంది అంది. ఆ హాయిగా అన్న మాట పట్టుకుని ఆయన ఫోను పెట్టేశాడు. తండ్రీ కూతుళ్ళు అడుక్కోకుండా వదిలేసిన ప్రశ్నలు ఆ ఫోను తీగెల్లో ఇంకా ఎక్కడో వేలాడుతూ ఉండాలి.

అడగడం చేతకాని మనిషికి చెయ్యడం చేతనవును. ఆయన పల్చటి రేకు తియ్యలేదు, మందపుది తీశాడు. మామూలుగా కంటే ఎక్కువసేపు కొట్టాడు. అంచు మడతలో కంబి లావుది వేశాడు. లోపల పొడవునా పట్టీ అతికాడు. సీటు బోల్టుల కోసం నాలుగు బొక్కలు వేసి, వాటిని నల్ల రబ్బరు బిరడాలతో మూసి, పైన రంగు వేశాడు. చూసినవాడికి నున్నటి ఒంటి సీటు మడ్‌గార్డే. కోపతాపాలు ఎవరికుండవు, ఇవాళ ఉంటాయి రేపు పోతాయి, పోయిన రోజున సీటు తెచ్చి బిగించుకోవడానికి చోటంటూ ఉండాలి కదా అని ఆయన లెక్క. మొగుడూ పెళ్ళాల మధ్య రాజీకి ఆయన ఇనప పట్టీ ఒకటి అతికి పెట్టాడు.

తీసుకెళ్ళడానికి వచ్చిన అల్లుడు అలవాటుగా కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. వేళ్ళకి పట్టీ తగిలింది. తల ఎత్తి చూశాడు.

“పట్టీ వేశారే.”

“ఉండనీ బాబూ. ఎప్పుడే అవసరమొస్తుందో.”

అల్లుడు పోనీలెండి అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు మేస్త్రికి మంచి శకునంలా తోచింది.

ఆ తర్వాత రెండో వానాకాలంలో ఆ బండి గేరుపెట్టె మొరాయించింది. అంత పాత గేరుపెట్టెలు విప్పగలిగినవాడు పిస్టన్ ఒక్కడే, కాబట్టి అల్లుడు ఇష్టమున్నా లేకపోయినా ఆ వీధికే తేవలసి వచ్చింది. గేరుపెట్టె పని ఒక్కటే చూడు, మిగతావేవీ ముట్టుకోవద్దు, మర్నాడు సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని పిస్టన్‌కి చెప్పి క్యాంపుకి వెళ్ళాడు. కాని గేరుపెట్టె దింపాలంటే వెనక సగం విప్పక తప్పదు. మర్నాడు పొద్దున గేరుపెట్టె బాగయ్యాక పిస్టన్, విప్పిన మడ్‌గార్డుని భుజాన వేసుకుని, ఊరేగింపులా నాలుగు అడుగులు వేసి, పక్క షెడ్డులోకి వచ్చాడు.

నీ చేతి రేకు పగలడం ఈ కళ్ళతో చూస్తాననుకోలేదు మేస్త్రీ, అని దెప్పుతూ దాన్ని దిమ్మె మీద బోర్లించాడు.

మేస్త్రికి మొదట రోషమొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. లోపలివైపు ఎప్పటిలాగే కడిగి, నూనె పట్టించి ఉంది. వెనక బొక్క దగ్గర మొదలై అంచు దాకా వెంట్రుకలాంటి పగులు. నాలుగు బొక్కల చుట్టూ రంగు నలిగి, వాషర్లు అదిమిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. బిరడాలు ఆయన పెట్టినవి కావు. ఆయన నల్లవి పెట్టాడు, ఇవి ఎర్ర రబ్బరువి, కొత్తవి. అంటే వెనక సీటు బిగించారు, చాలా రోజులు వాడారు, ఇప్పుడు రిపేరు కోసం తీసి బొక్కలు మూశారు. గుంతల రోడ్ల మీద తిరిగినట్టుంది. కూర్చున్న మనిషికి కాస్త ఎడమవైపు ఒరిగే అలవాటు. రేకు చెప్పగలిగిందంతా ఆయన చదివేశాడు. చదివి, మొహం చాటంత చేసుకున్నాడు.

“కూర్చుంటోందిరా. మా అమ్మాయి బండెక్కుతోంది” అన్నాడు.

సీటు ఎందుకు తీసేసి తెచ్చాడబ్బా అని పిస్టన్ అనుమానపడ్డాడు. జాగ్రత్తపరుడు కదా, నీ గ్రీజు చేతులు తగిలి పాడవుతుందని ఇంట్లో పెట్టి ఉంటాడు అని మేస్త్రి కొట్టిపారేశాడు. ఆ ఉత్సాహంలోనే కూతురికి ఫోను చేశాడు. ఈసారి ఎండల గురించీ దగ్గు గురించీ మాట్లాడలేదు.

“ఏమే, కాస్త ఒళ్ళు చేశావేమిటి? నీ బరువుకి నా మడ్‌గార్డే పగిలింది!” అని పగలబడి నవ్వాడు. ఆ నాలుగు బొక్కలు ఆ రోజే వేసి ఉంచాను, ఏనాటికైనా పనికొస్తాయని నాకు తెలుసు, అతికి బిగిస్తున్నాను, ఒకసారి వచ్చి కూర్చుని వెళ్ళు, బరువు పెట్టి చూడకుండా నేను పంపిన మడ్‌గార్డు ఇదొక్కటే అన్నాడు.

అటునుంచి అచ్చుయంత్రం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఫోను కట్టయిందేమోనని ఆయన రెండుసార్లు హలో అన్నాడు. వస్తాను నాన్నా, అంది ఆమె.

వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చేతి వేళ్ళకి అచ్చుసిరా, భుజాన సంచీ. పిస్టన్ దూరం నుంచే తూకంరాయి వచ్చిందహో అని కేకేశాడు. ఆమె మొహం చూశాక, టీ తాగొస్తానని జారుకున్నాడు.

మేస్త్రి ఇంకా ఆ సంబరంలోనే ఉన్నాడు. మడ్‌గార్డు బోర్లించి, ఇదిగో చూడు ఇక్కడ వాషర్లు అదిమాయి, బాగానే తిరిగారే మీరు, నువ్వు చిన్నప్పటిలాగే ఎడమకి ఒరుగుతావు, అంటూ వేలితో చూపిస్తున్నాడు. చిన్నప్పుడు ఆమె ఒరిగేది కుడివైపు. అది ఆయన మరిచిపోయాడు.

ఆమె సంచీ దించి, పాతమేకుకే తగిలించి, దగ్గరికొచ్చింది. అచ్చుతప్పులు పట్టే చూపుతో నాలుగు బొక్కలూ చూసింది. ఒక్కోదాని అంచు మీదా వేలు తిప్పింది.

“వీటి సంగతి ఆయనకి తెలుసా?”

“చెయ్యి పెట్టి చూశాడుగా ఆ రోజే. ఏమీ అనలేదు.”

“అనరు” అంది. “నేను ఆ బండెక్కి చాలా కాలమైంది నాన్నా. నువ్వు ఇది చెయ్యకముందే మానేశాను” అంది.

మేస్త్రికి ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. ఎవరో స్నేహితులయి ఉంటారు, ఆఫీసు బంట్రోతు ఎవరైనా క్యాంపులకి కూడా వెళ్తుంటాడేమో, కొలతల గొలుసు మోసేవాళ్ళు ఉంటారు కదా, అంటూ ఏవేవో పేర్చసాగాడు. ఆమె అడ్డుపడలేదు. ఆయన దగ్గర ఉన్న మనుషులందరూ అయిపోయేదాకా ఆగింది.

“స్నేహితుల కోసమైతే ఆ సీటు మా ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో వెనక సీటు లేదు. ఎప్పుడూ చూడలేదు. అది ఇంకెక్కడో ఉంటుంది. వెళ్ళేటప్పుడు బిగించుకుంటారు, వచ్చేటప్పుడు తీసేస్తారు.”

వీధిలో ఎవరో బండి స్టార్టు చేసి, రెండుసార్లు గర్జింపజేసి, వెళ్ళిపోయారు. ఆమె గొంతు హెచ్చలేదు. తనకి ఇదంతా తెలియక కాదంది. తెలిసిన సంగతి ఇంకెవరికీ తెలియదు గనక, తెలియనట్టే రోజులు వెళ్ళదీస్తున్నానంది. పిల్లాడి బడి ఉంది, తన పని ఉంది, బస్సులో కిటికీ పక్క సీటు ఉంది. వాటి మధ్య ఎలాగోలా ఒక ఇల్లు నిలబెట్టుకున్నానంది.

“ఇప్పుడు నీకు తెలిసింది. అదేమిటో అర్థం కాకుండానే నాకే ఫోను చేసి నవ్వావు. ఇక ఆ ఇంట్లో తెలియనట్టు ఎలా తిరగను?”

“నీకోసమే కదే ఆ పట్టీ వేసింది” అన్నాడు మేస్త్రి.

“నాకోసమైతే నన్నడగాలి. పెళ్ళప్పుడూ రేకునే అడిగావు. ఇప్పుడూ రేకునే అడిగావు.” ఆమె మడ్‌గార్డు లోపలివైపు అరచేతితో ఒకసారి రాసి, నూనె అంటిన చేతిని చూసుకుంది. “లోపల కడిగేవాడు మంచివాడన్నావు. జాడ ఉంచనివాడు కూడా లోపలే కడుగుతాడు నాన్నా.”

జీవితమంతా ఒక మనిషి నమ్ముకున్న శాస్త్రం ఇంత చిన్న మాటకి కూలిపోతుందని ఎవరూ అనుకోరు. పెద్ద పెద్ద మతాలకి కూడా కనీసం ఒక యుద్ధం కావలసి వచ్చింది. మేస్త్రి బల్ల మీద నుంచి రంపం తీశాడు, పట్టీ కోసేస్తానన్నాడు. ఆమె వద్దంది. కోస్తే ఎందుకు కోశారని అడుగుతారు, నేను చెప్పాల్సింది నువ్వు చెప్పకూడదు అంది. రంపం కింద పెట్టేశాడు. తర్వాత, తను ఏం చేస్తున్నాడో తనకే తెలియనట్టు, ఆయన చెయ్యి మూలనున్న పుట్టీ డబ్బా మీదికి వెళ్ళింది. పగులు మీద ఒక ముద్ద పామి, అరగదీసి, రంగు వేస్తే చాలు. ఇవాళ ఎవరికీ కనపడదు. ఏదో ఒక రోజు, ఏదో గుంత దగ్గర, తనంతట తనే నోరు తెరుస్తుంది. తుప్పు పట్టిన మూత తిరగనని మొండికేసింది. ఆయన ఉలి మొనతో దాన్ని ఎత్తబోయాడు.

“అది తెరవకు” అంది కూతురు.

ఆయన తల ఎత్తలేదు.

“ఆ మనిషెవరో పడితే నాకు ఏడుపొస్తుందని కాదు. నీ పనివల్ల ఇన్నేళ్ళలో ఎవరూ పడలేదని చెప్పుకుంటావు. నీకు మిగిలింది అదొక్కటే. బాగా అతుకు.”

అతికాడు. గ్యాసు మంట నీలంగా సన్నబడి పగులు వెంట పాకుతుంటే, ఆమె చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది. ఇంత జాగ్రత్తగా ఆయన ఏ బండికీ అతకలేదు. అది చేతుల దోషం, వాటికి ఇంకోలా చెయ్యడం రాదు. ఎవరి కోసమో తెలిసీ అవి వణకలేదు. దాన్ని మాత్రం మేస్త్రి సహించలేకపోయాడు. అతుకు చల్లారాక పగులున్న చోట ఇంకో చిన్న పలక వేసి బలం చేశాడు, సానపట్టాడు, లోపలా బయటా నల్లరంగు కొట్టాడు. పిస్టన్ తిరిగొచ్చి బండి తోసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి మడ్‌గార్డు బిగించారు.

బరువు చూడాలి. ఆమే గోనెపట్టా తీసి, మడత పెట్టి, రంగు తక్కువ తగిలిన చోట పరిచి, ఎక్కి కూర్చుంది. ముందు సీటు మీదికి పిస్టన్ వెళ్ళబోతే వద్దని చెయ్యి ఊపింది. ముందు ఎవరూ లేని బండి మీద, వెనక ఆమె. మేస్త్రి గొంతుక్కూర్చుని చక్రం దగ్గరికి వంగి, రెండు వేళ్ళు సందులోకి పోనిచ్చాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

“మిగిలిందా?” అంది.

“రెండు వేళ్ళు” అన్నాడు.

దిగుతుందనుకున్నారు. దిగలేదు. బండి కోసం ఆయన వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానంది. పిస్టన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లతో మాట్లాడింది ఒకటే మాట, అదే నోటికొచ్చింది.

“ఎక్కడిదాకా వచ్చామే?”

“ఇక్కడిదాకానే మావయ్యా” అంది.

అల్లుడు పొద్దు వాలుతుండగా వచ్చాడు. వీధి మలుపు తిరుగుతూనే తన బండి పిస్టన్ షెడ్డులో కాకుండా మామగారి షెడ్డు ముందు ఉండటం చూశాడు. తర్వాత దాని మీద ఎవరున్నారో చూశాడు. నడక ఆగలేదు గాని చిన్నదయింది. దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మాట్లాడాల్సింది మామగారితోనా భార్యతోనా తేల్చుకోలేక, పిస్టన్‌ని చూసి గేరుపెట్టె అయిపోయిందా అన్నాడు. అయిపోయిందన్నాడు పిస్టన్.

“మడ్‌గార్డు కూడా అయిపోయింది” అంది ఆమె. “పగిలితే నాన్న అతికాడు. కూర్చుని చూశాను, బాగానే మోస్తోంది. ఇక సీటు తీస్తూ పెడుతూ శ్రమపడక్కర్లేదు. ఉంచేసుకోండి.”

అల్లుడి మొహంలో ఏమీ కదల్లేదు. ఎప్పుడూ అంతే, తుడిచిన మొహం. ఆమె నెమ్మదిగా దిగి, గోనెపట్టా దులిపి, మడత పెట్టి, దాని చోట దాన్ని పెట్టింది. మేకు నుంచి సంచీ తీసుకుంది. అచ్చాఫీసు మేడ మీద కాగితాల గది ఒకటి ఖాళీగా ఉంది, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకుని అక్కడికి వెళ్తున్నాను అని తండ్రితో చెప్పింది, కాని వినాల్సినవాడికి వినపడేలాగే చెప్పింది. మేస్త్రి లేవబోయాడు. వెనక గది ఖాళీ చేస్తాను, నువ్వు ఇక్కడికే రా తల్లీ, అన్నాడు.

“వద్దు నాన్నా. నువ్వు కూడా కొన్నాళ్ళు రాకు. నేనే కబురు చేస్తాను.”

ఆమె బస్సు ఆగే చోటు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. పిస్టన్ ఆమె వెంట టీ కొట్టు దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాడు.

అల్లుడు ఏదో అంటాడని మేస్త్రి ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది, బతిమాలినా బాగుండేది, చివరికి అబద్ధమాడినా బాగుండేది. అతను గొంతుక్కూర్చుని, అలవాటు ప్రకారం మడ్‌గార్డు కిందికి చెయ్యి పోనిచ్చి, లోపలివైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. రంగు ఇంకా ఆరలేదు. చెయ్యి బయటికి తీసేసరికి నాలుగు వేళ్ళూ నల్లగా ఉన్నాయి. వాటిని బట్టలకి తగలకుండా దూరంగా పట్టుకుని, తుడుచుకోవడానికి ఏమైనా దొరుకుతుందా అని చుట్టూ చూశాడు.

మేస్త్రి భుజం మీది గుడ్డ తీసి అందించాడు.

అలా ఎందుకు అందించాడో ఆయనకి ఇప్పటికీ అంతుచిక్కదు. తర్వాత కబురు వచ్చింది, కాగితాల గదికి వెళ్ళాడు, మనవడు ఎత్తు కొలుచుకోమని గోడకి ఆనుకుని నిలబడితే కొలిచాడు కూడా. కూతురు టీ ఇచ్చింది. సంబంధం గురించి గాని, పట్టీ గురించి గాని మళ్ళీ ఎత్తలేదు. ఆయన్ని ఆమె క్షమించిందో లేదో అడగాలని ఎన్నిసార్లో అనుకుంటాడు, అడగడు. బరువు చూడటానికి ఇప్పుడు ఇసుక మూట పెడుతున్నాడు. ఇసుక ఎటూ ఒరగదు. రెండు వేళ్ళు సందులో పెట్టి, తీసి, భుజం మీది గుడ్డకి తుడుచుకోబోయినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. తనని తను క్షమించుకోలేనిది ఆ పట్టీ వేసినందుకు కాదు, ఆ బొక్కలు వేసినందుకు కాదు, ఫోనులో నవ్వినందుకు కూడా కాదు. ఆ గుడ్డ అందించినందుకు.